పదికి సున్నా

"ఏడు," అన్నారు మా మావయ్యగారు ముద్ద మింగి. "ఉప్పు ఓ పలుకు ఎక్కువైంది. లేకపోతే ఏడున్నర ఇచ్చేవాణ్ణి."

అది బంగాళదుంప కూరకి. వండింది నేను, తింటున్నది ఐదుగురం. మిగతా నలుగురికీ ఉప్పు సరిపోయింది గానీ, సరిపోయిందని చెప్పే అధికారం మాకెవరికీ లేదు. మావయ్యగారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. బడి ఆయన్ని వదిలేసింది, ఆయనే బడిని వదల్లేదు. కూరకి మార్కులు, టీకి మార్కులు, ఇస్త్రీ మడతకి మార్కులు. చివరికి కుళాయి బాగుచెయ్యడానికి వచ్చిన ప్లంబరుక్కూడా ఆరు వేశారు. "ఆరేంటి సార్, ఇప్పుడు కారట్లేదుగా?" అని ఆ మనిషి దెబ్బలాటకి దిగాడు. అలా అడగొచ్చని పదహారేళ్ల కాపురంలో నాకు తట్టనే లేదు.

నాకు మొదటి మార్కు పెళ్లికి ముందే పడింది. పెళ్లికింకా కొన్ని నెలలుందనగా, కాబోయే ఆయనకి ఒక ఉత్తరం రాశాను. ఎంత సిగ్గుపడుతూ, ఎంత ముచ్చటపడుతూ రాశానో నాకే తెలుసు. ఆ మహానుభావుడు దాన్ని తీసుకెళ్లి "ఎంత చక్కగా రాసిందో చూడండి నాన్నా" అని వాళ్ల నాన్న చేతిలో పెట్టాడు. జవాబు కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తుంటే, నా ఉత్తరమే నాకు తిరిగొచ్చింది, ఎర్రసిరాతో. "మీరు లేని సాయంత్రాలు ఎంత పొడుగో" అన్న వాక్యం కింద గీత, పక్కన "అతిశయోక్తి" అని. అడుగున పదికి ఏడు. "చేతిరాత ముచ్చటగా ఉంది, భావం అదుపులో పెట్టుకోవాలి" అని సలహా. మా అమ్మ అది చూసి మురిసిపోయింది. "ఏడంటే ఫస్టుక్లాసే కదే, అదృష్టవంతురాలివి," అంది.

ఆ పెళ్లి అక్కడే మానుకోవాల్సింది అని మీరనొచ్చు. మానుకోలేదు సరికదా, ఈసారి ఎనిమిది తెచ్చుకోవాలనుకున్నాను. నా జబ్బు అక్కడ మొదలైంది.

మీకో సంగతి చెప్పాలి. ఈ ఇంట్లో నన్ను రాయొద్దని ఎవరూ అనలేదు. అని ఉంటే బాగుండేది, దొంగచాటుగానైనా నాకిష్టమైనట్టు రాసుకునేదాన్ని. వీళ్లు రాయమన్నారు. ముచ్చటపడి రాయమన్నారు. ఆదివారం భోజనాలయ్యాక ముందుగదిలో అందరూ కూర్చుంటారు. నేను గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, గుమ్మం పక్కన పీట వేసుకుని ఆ వారం రాసింది చదవాలి. మా ఆయన కునికిపాట్లు పడతారు. అత్తయ్య ఉల్లిపాయలు వలుస్తుంది. మావయ్యగారు కళ్లు మూసుకుని వింటారు, అక్కడక్కడ వేలెత్తుతారు. వేలు లేచిందంటే అక్కడ తప్పుంది. చదవడమయ్యాక మార్కు చెప్తారు, దిద్దుబాటు చెప్తారు, నేను పక్కవారం శుద్ధప్రతి తెస్తాను. ఇంటికొచ్చినవాళ్లందరితో "మా కోడలు రచయిత్రి" అంటారు గర్వంగా. ఆ గర్వం నిజమైనదే, అబద్ధం చెప్పను. ఆ వేలు ఎప్పుడు లేస్తుందోనని రాసే ముందే వాక్యాన్ని ఒంచేసేదాన్ని, అంతే.

ఒకసారి ఇల్లు వదిలి వెళ్లిపోయే ఆవిడ గురించి కథ రాశాను. "వెళ్లిపోయి ఏం చేస్తుంది?" అన్నారు మావయ్యగారు. "ఏమో, కథ అక్కడితో అయిపోతుంది," అన్నాను. "అలా గాలికొదిలేస్తే ఎలాగమ్మా? భర్తకి జ్వరమొచ్చిందని తెలిసి వెనక్కొస్తుంది. అప్పుడు కథకో నిండుదనం," అన్నారు. జ్వరం తెప్పించాను. ఏడున్నర వచ్చింది. తనే రిటైరైన టీచర్ల సంఘం పత్రికలో వేయించారు, మెచ్చుకుంటూ ముసలివాళ్లు ఫోన్లు చేశారు. ఆ రుచి మరిగాక ఇంకేముంది. అటు తర్వాత నా కథల్లో మొగుళ్లందరికీ ఆఖరి పేరాలో జ్వరమొస్తుంది. ఒకడికి టైఫాయిడ్ కూడా పెట్టాను, దానికి ఎనిమిది.

ఆఫీసులో కూడా నా పని రాయడమే. బీమా కంపెనీ మాది. "మీ క్లెయిము మంజూరు చేయలేకపోతున్నాం" అని చెప్పే ఉత్తరాలన్నీ నేను రాస్తాను, కింద మేనేజరు సంతకం పెడతాడు. "మీ చెయ్యి పడితే లేదు పొమ్మన్నా దీవించినట్టే ఉంటుందండీ," అంటాడు. పెద్దాఫీసు వాళ్లు ఒకసారి మా శాఖ ఉత్తరాల్లో భాష ఎంతో మర్యాదగా ఉందని మేనేజరుకి మెచ్చుకోలు పంపారు. ఆ సంతోషంలో అందరికీ టీ తెప్పించాడు, కప్పులు నన్ను అందించమన్నాడు. అందించాను. చక్కెర సరిపోయిందా అని కూడా అడిగాను, నా బుద్ధి అలా ఏడిసింది.

ఇదంతా ఎన్నాళ్లయినా సాగేదే. మా పాప పిల్లి గురించి రాయకపోయి ఉంటే.

మా పాపకి పదేళ్లు. ఇంట్లో అందరూ చిట్టెలుక అంటాం. మా వీధిలో మూడు కాళ్ల పిల్లి ఒకటుంది. ఏ బండి కింద పడిందో, నాలుగో కాలు లేదు, అయినా గోడలెక్కుతుంది. దాని మీద చిట్టెలుక ఒక కాగితం నిండా రాసింది. నేను గిన్నెలు తోముతుంటే తెచ్చి చూపించింది. "మూడు కాళ్లతో ఉరికితే దానికి కొంచెం తొందరగా అలుపొస్తుంది, అందుకని గోడ మీద ఎక్కువసేపు కూర్చుంటుంది, అందుకని దానికి మిగతా పిల్లులకంటే ఎక్కువ విషయాలు తెలుసు" అని రాసింది. సబ్బుచేతులతోనే ఉండిపోయాను. పదహారేళ్లలో అలాంటి వాక్యం ఒక్కటి రాయలేదు నేను. ముద్దు పెట్టుకుందామని వంగేసరికి అది అడిగింది:

"అమ్మా, ఆఖర్లో పిల్లికి మళ్లీ కాలు మొలిచిందని రాస్తే తాతయ్య ఎనిమిది ఇస్తారా?"

 కోపమొచ్చింది. ఎవరి మీదని చెప్పను? తాతయ్య మీదా, వాళ్ల నాన్న మీదా, అందరికంటే ఎక్కువగా ప్రతి ఆదివారం పీట వేసుకుని కూర్చుని దానికి ఆ విద్య నేర్పిన నామీదా. "మొలవదు. వద్దు," అన్నాను, కొంచెం గట్టిగానే. అది బిక్కమొహం వేసింది. "మరి తాతయ్య?" అంది. నేను మళ్లీ గిన్నెలకేసి తిరిగాను.

ఆ మర్నాడే బస్సు సంగతి జరిగింది.

ఆఫీసు నుంచి వస్తున్నాను. కిటికీ పక్కన సీటు దొరికింది, అదే పెద్ద భాగ్యం. మా స్టాపు వచ్చింది. దిగాలి, కూరగాయలు కొనాలి, వెళ్లగానే పొయ్యి వెలిగించాలి, చిట్టెలుక చేత లెక్కలు చేయించాలి. అన్నీ తెలుసు. లేవలేదు. ఎందుకని అడిగితే ఏం చెప్పను, కాళ్లు లేవలేదు. బస్సు కదిలింది. ఏదో దొంగతనం చేసినట్టనిపించింది. పక్క స్టాపులో దిగి నడిచి రావొచ్చు అనుకున్నాను. అక్కడా దిగలేదు. నేనెప్పుడూ చూడని వీధులు, మూసేసిన సినిమా హాలు, వరసగా టైర్ల కొట్లు. అన్నీ దాటి బస్సు డిపోలోకి వెళ్లి ఆగింది.

"ఇదే ఆఖరమ్మా. దిగరా?" అన్నాడు డ్రైవరు.

"మళ్లీ ఈ బస్సే వెనక్కి వెళ్తుందా?"

"కడిగాక వెళ్తుంది."

"కడుగుతుంటే లోపల కూర్చోవచ్చా?"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఎంతమందిని చూసి ఉంటాడో, ఏమీ అడగలేదు. "అద్దాలన్నీ వేసుకోండి మరి, తడుస్తారు," అని దిగి వెళ్లిపోయాడు.

ఒక్కదాన్నే ఆ బస్సులో ఆ చివర నుంచి ఈ చివరిదాకా నడిచి అద్దాలన్నీ మూశాను. మోకాళ్లదాకా రబ్బరు బూట్లు వేసుకుని ఒకావిడ పెద్ద గొట్టం పట్టుకొచ్చింది. నన్ను చూసి అద్దం మీద తట్టి, చెయ్యి ఊపి, నీళ్లు వదిలింది. అబ్బ, ఆ చప్పుడు! పైన, పక్కల, అన్నివైపులా నీళ్లే. అద్దాల్లోంచి ఏమీ కనబడటం లేదు. నేనెక్కడున్నానో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఫోన్ సంచిలో ఉంది, సంచి పక్క సీట్లో ఉంది. చెప్పులు విప్పి కాళ్లు ఎదుటి సీటు మీద పెట్టుకున్నాను. నవ్వొచ్చింది. పైకే నవ్వాను, ఎవరు వింటారు గనక. అలా ఎప్పుడు నవ్వానో నాకు జ్ఞాపకం రాలేదు.

ఇంటికి ఆలస్యంగా చేరాను. "ఏమైంది?" అన్నారు మా ఆయన, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా. "బస్సు చెడిపోయింది," అన్నాను. "ఫోన్ చేయొచ్చుగా. పాపకి ఆకలేస్తుందని తెలీదా?" అన్నారు. ముగ్గురు పెద్దవాళ్లున్న ఇంట్లో, పొయ్యి ఎక్కడుందో ముగ్గురికీ తెలిసిన ఇంట్లో. చెంగు బిగించి వంటింట్లోకి నడిచాను. నవ్వు మాత్రం ఇంకా లోపలే ఉంది.

ఆ నవ్వుని రాశాను. పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టి, గట్టు పక్కన నిలబడి రాశాను. ఆఫీసులో మధ్యాహ్నం డబ్బా తినేసి, ఒకవైపు వాడేసిన కాగితాల వెనక రాశాను. ఆ నీళ్ల చప్పుడు ఎలా ఉందో, సీట్ల రెగ్జిను చిరిగి లోపల స్పాంజి ఎలా కనబడుతోందో, ఎవరో పిల్లలు సీటు వెనక గోరుతో గీసిన బొమ్మ, బూట్లావిడ చెయ్యి ఊపడం. కథ కాదు. నీతి లేదు. ఎవరికీ జ్వరం రాలేదు. ఒక వాక్యం రాసి ఇది ఎవరు మెచ్చుకుంటారని ఆలోచించకుండా రెండో వాక్యానికి వెళ్లడం ఎంత హాయో అప్పటిదాకా నాకు తెలియదు. వేలు లేవని చోట రాస్తుంటే నా మాట ఇలా ఉంటుందా అని నాకే వింతగా ఉండేది. నచ్చకపోతే కొట్టేసేదాన్ని, నాకు నచ్చకపోతే. నచ్చితే ఉంచేదాన్ని. అలా ఒకరోజు నాకు నచ్చిన వాక్యం దగ్గర నిలబడిపోయాను, పాలు పొంగి పొయ్యంతా పాడైంది.

ఆ వాసనకి అత్తయ్య వచ్చింది. "ఏం రాస్తున్నావే, పాలు పొంగినా తెలియనంతగా?"

"ఏదో లెండి అత్తయ్యా."

అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదు. టీ చల్లారేలోపు మావయ్యగారికి తెలిసిపోయింది. "ఆదివారం విందాం!" అన్నారు ఉత్సాహంగా.

"ఇది చదవను మావయ్యా," అన్నాను.

"ఇంకా పూర్తవలేదా?"

"పూర్తయింది. చదవను."

అర్థం కానట్టు చూశారు. "అంటే పత్రికకి పంపుతున్నావా నేరుగా?"

"పంపను. నాకోసం రాసుకున్నాను."

అంతే. ఇంట్లో బాంబు పడినా అంత అలజడి ఉండేది కాదు. నేను ఇల్లు వదిలి వెళ్తానన్నా జ్వరం వంక పెట్టి ఆపేవాళ్లేమో. చదవనంటే ఏం చెయ్యాలో వాళ్లకి తెలియలేదు. చదవట్లేదంటే అందులో ఏదో ఉంది. ఏదో ఉందంటే అది మన గురించే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఒక్కొక్కళ్లే నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

ముందు మా ఆయన. దుప్పటి మడతపెడుతుంటే వచ్చి రెండో కొస పట్టుకున్నారు. పెళ్లయ్యాక ఆయన దుప్పటి కొస పట్టుకోవడం అదే మొదలు. "ఏంటి విశేషం?" అన్నాను. కొసలు కలుపుతూ అడిగారు: "అదేనా రాశావు? మా ఆఫీసు పార్టీలో నేనన్నది?"

"ఏమన్నారు?"

"అదే... మా ఆవిడకేం పనుంటుంది, ఖాళీ ఎక్కువై కథలు రాస్తుంటుందని. అందరూ నవ్వారు. నువ్వు వెనకే ఉన్నావని చూసుకోలేదు. సరదాకన్నానే బాబూ."

విన్నాను అప్పుడు, ఎందుకు వినలేదు. ఆ పార్టీకి వేసుకెళ్లిన చొక్కా ఇస్త్రీ చేసింది కూడా నేనే. ఇన్నేళ్లూ ఆయనకి అది గుర్తే లేదనుకున్నాను. గుర్తుంది. గుర్తుండీ ఒక్కసారీ క్షమించమనలేదు, కాగితమ్మీద పడుతుందేమోనన్న భయం వేశాకే నోరు పెగిలింది. "దుప్పటి నేల మీద పడుతోంది, సరిగ్గా పట్టుకోండి," అన్నాను.

తర్వాత ఆడపడుచు ఫోను. "వదినా, ఆ తోలు హ్యాండుబ్యాగు సంగతి రాశావటగా?"

"ఏ హ్యాండుబ్యాగు?"

"నీ దగ్గర రెండు రోజులకని తీసుకున్నానే. ఆదివారం తెచ్చిచ్చేస్తాలే. జిప్పు ఒక్కటే పోయింది."

నాకా సంచి ఎప్పుడు పోయిందో కూడా జ్ఞాపకం లేదు. నవ్వాపుకోలేక చచ్చాను.

అత్తయ్య రావడం మాత్రం నన్ను నవ్వించలేదు. వంటింట్లో నా పక్కన నిలబడి, కొత్తిమీర కట్ట విప్పుతూ, నా వైపు చూడకుండా అడిగింది. "చిట్టెలుక పుట్టినప్పుడు పాలు గడ్డకట్టి జ్వరమొచ్చి నువ్వేడుస్తుంటే నేనో మాటన్నాను. అది రాశావా?"

"మేమూ కన్నాం, మేమిలా గోల చెయ్యలేదు అన్నారు," అన్నాను. ఇది మర్చిపోలేదు నేను. ఆ జ్వరం నిజం జ్వరం, కథలో పెట్టింది కాదు.

అత్తయ్య కొత్తిమీర వదిలేసింది. "అబద్ధమాడానే. నేనూ చేశాను గోల. వీధి చివరిదాకా వినపడిందన్నారు. అప్పుడు మా అత్తగారు నన్ను ఆ మాటే అంది. నాకు అదే వచ్చు, అదే అన్నాను." కళ్లు తుడుచుకుంది. "రాస్తే రాశావు గానీ, నేను గోల చేశానని కూడా రాయి."

ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను. అందులో మీరు లేరత్తయ్యా అని చెప్పబోయి ఆగాను. ఎందుకో ఆ క్షణంలో చెబితే ఆవిడ చిన్నబుచ్చుకుంటుందనిపించింది.

మావయ్యగారు వెంటనే రాలేదు. శనివారం సాయంత్రం బట్టలు తీస్తుంటే డాబా మీదికి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. "చూడమ్మా," అన్నారు, "నువ్వేదో కొత్తగా రాశావని నాకర్థమైంది. నీ మొహంలోనే తెలుస్తోంది. నేను ముప్పై ఏళ్లు పిల్లల్ని చూసినవాణ్ణి. ఇన్నాళ్లూ నీకు పది ఎందుకివ్వలేదో తెలుసా? పది ఇస్తే మనిషి ఆగిపోతాడని. రేపు పది ఇద్దామనుకుంటున్నాను. అల్లుడుగారూ వస్తున్నారు. అందరి ముందూ ఇస్తాను."

ఏమైనా అనండి, నాకు ఆశ పుట్టింది. పది! చెయ్యెత్తి ఇస్తానంటున్నాడు పెద్దమనిషి. బడిలో నా పేరు పిలిచినట్టనిపించింది. చదివేస్తే ఏం పోతుంది అనుకున్నాను. ఆ రెగ్జిను సీటు దగ్గర కాస్త మార్చి, బస్సులో ఒక్కదాన్నే కూర్చోవడమంటే బాగుండదు గనక పక్కన ఓ ముసలావిణ్ణి పెట్టి, ఆవిడచేత నాలుగు మంచిమాటలు చెప్పించి... అప్పటికే మనసులో దిద్దేస్తున్నాను! ఇంకా పీట మీద కూర్చోలేదు, ఇంకా వేలు లేవలేదు, నా బస్సులోకి ముసలావిణ్ణి ఎక్కించేస్తున్నాను. ఆరిన బట్టలు గుండెలకి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నా మీద నాకే అసహ్యమేసింది, భయం కూడా వేసింది. ఇది గనక రేపు చదివితే, నీళ్లచప్పుడులో నేను నవ్విన ఆ నవ్వుక్కూడా మార్కు పడుతుంది. పది పడినా సరే, పడుతుంది. అప్పుడిక నాకంటూ మిగిలేదేదీ లేదు.

"ఏమంటావు?" అన్నారు మావయ్యగారు.

"దుప్పట్లు ఆరాయి మావయ్యా, మెట్లు జాగ్రత్తగా దిగండి," అన్నాను.

ఆదివారం అందరూ వచ్చారు. ఆడపడుచు జిప్పు పోయిన హ్యాండుబ్యాగు నా చేతిలో పెట్టి గట్టిగా వాటేసుకుంది. ఆవిడ మొగుడు "ఇవాళ పదట కదా అక్కయ్యా!" అన్నాడు. భోజనాలయ్యాయి. గిన్నెలు కడిగాను. ముందుగదిలోకి వచ్చేసరికి గుమ్మం పక్కన పీట వేసే ఉంది. ఆయన నిద్రపోవట్లేదు, నిటారుగా కూర్చున్నారు. అత్తయ్య చేతిలో ఉల్లిపాయలు లేవు. చిట్టెలుక తాతయ్య కుర్చీ పక్కన తన కాగితం మడిచి పట్టుకుని కూర్చుంది, నా తర్వాత దాని వంతు.

నేను పీట మీద కూర్చోలేదు. ఆడపడుచు పక్కన సోఫాలో ఖాళీ ఉంటే అక్కడ కూర్చున్నాను.

"కాగితాలేవమ్మా?" అన్నారు మావయ్యగారు.

"లోపలున్నాయి. చదవనని చెప్పానుగా."

"ఇంతమందిని పిలిచాక?"

"నేను పిలవలేదు మావయ్యా."

ఆయన గొంతు సవరించుకున్నారు. "నలుగురూ వినడానికి కాకపోతే రాయడమెందుకు?"

"రాస్తుంటే నాకు బాగుంది. అందుకు."

"నీకు బాగుంటే సరిపోతుందా?"

"సరిపోయింది. నేనూ సరిపోదేమో అనుకున్నాను ఇన్నాళ్లూ. సరిపోయింది."

"మంచిచెడ్డలు చెప్పేవాళ్లు లేకపోతే ఎలా తెలుస్తుంది? దిద్దేవాళ్లుండాలి."

"మీరు దిద్దిన కథలన్నిట్లో ఒక్కటైనా నాది ఉందా చెప్పండి. అందరు మొగుళ్లకీ జ్వరమే."

ఆడపడుచు మొగుడు కిసుక్కున నవ్వి, మావయ్యగారు చూసేసరికి దగ్గాడు. మావయ్యగారికి కోపమొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. "ఇంటి సంగతులు రాసి దాచుకుని, పైపెచ్చు మాటలా? మా గురించి ఏం రాశావో తెలుసుకునే హక్కు మాకుంది."

"అందులో మీరెవరూ లేరు," అన్నాను.

 తిట్టి రాశానన్నా అంత దెబ్బ తగిలేది కాదనుకుంటాను. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. మా ఆయన ముందుకి వంగారు.

"నేను కూడానా?"

"మీరు కూడా."

అత్తయ్య ఫక్కున నవ్వింది. చేత్తో నోరు మూసుకుంది గానీ ఆగలేదు, భుజాలు కదిలిపోతున్నాయి.

మావయ్యగారు లేచి నిలబడ్డారు. కుర్చీ చేతిని ఇంకా వదల్లేదు. జాలేసింది నాకు, ఆ జాలిని పట్టుకునే ఇన్నాళ్లూ బతికాను గనక దాన్ని అక్కడే ఆపాను. "రాసి చూపించని విద్యార్థికి మా బడిలో ఏం వేసేవాళ్లమో తెలుసా?" అన్నారు. "సున్నా."

"వేయండి మావయ్యా."

"సున్నా!" అన్నారు మళ్లీ, నేను వినలేదేమోనని.

"మంచిది," అన్నాను. నిజంగానే మంచిగా ఉంది. ఆ సున్నాలో ఆయన ఎర్రసిరా చుక్క కూడా లేదు.

చిట్టెలుక లేచింది. మడిచిన కాగితం తాతయ్యకి ఇవ్వబోయి, నా వైపు చూసి, వెనక్కి తీసుకుంది. "తాతయ్యా, దీనికి మూడు కాళ్లే," అంది. "నాలుగోది మొలవదు. మీక్కావాలంటే నాకూ సున్నా వేసుకోండి." వచ్చి సోఫాలో నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. కాగితం నాక్కూడా ఇవ్వలేదు, నా కూతురు కదా.

ఇంక చాలనుకుని టీ పెట్టడానికి లేవబోయాను. అలవాటు ఎక్కడికి పోతుంది. అప్పుడు మా ఆయనడిగారు. కోపంగా కాదు, పాపం నిజంగానే తెలియక అడిగారు.

"మేమెవరం లేకుండా రాయడానికి నీకేముందే? పొద్దున లేస్తే ఆఫీసు, ఆఫీసయితే ఇల్లు. మేం లేని చోటికి నువ్వెప్పుడు వెళ్లావసలు?"

మళ్లీ సోఫాలో వెనక్కి వాలి కూర్చున్నాను.

"ఆ రోజు బస్సు చెడిపోలేదండీ," అన్నాను. "నేనే దిగలేదు."